స్పెయిన్‌ల సదువు: పైసలు కట్టే ముందు ఆ కాయితం చదువున్రి

ఈ ఎపిసోడ్ నేను అసలు ఈ వారం చేద్దామనుకోలేదు. పసుపు రేటు మీద ఒకటి రెడీ చేసి పెట్టుకున్న. కానీ మొన్న గురువారం రాత్రి కోరుట్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. బీటెక్ అయిపోయింది. స్పెయిన్‌ల మాస్టర్స్ సీటు వచ్చిందట. సోమవారం లోపల లక్షా యాభై వేలు డిపాజిట్ కట్టాలని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిండ్రట. "అన్నా, అక్క బంగారం కుదువబెట్టి తెచ్చినం, కట్టమంటవా?" అని అడిగిండు.

నేను కట్టు అనలేదు, కట్టకు అనలేదు. "తమ్మీ, వాళ్లిచ్చిన లెటర్ ఒకసారి వాట్సాప్‌ల పెట్టు" అన్న. పెట్టిండు. ఆ లెటర్‌ల మొదటి లైన్ చదివినంక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అదే లైన్ 2021లో నాకొచ్చిన కాయితంల కూడా ఉండె. అందుకే ఈ ఎపిసోడ్.

నా సంగతి కొత్తగా చూసేటోళ్లకు చెప్త. మాది ముత్యంపేట. ముత్యంపేట అనంగనే చానామంది "కొండగట్టు కాడనా?" అంటరు. అది మల్యాల మండలం ముత్యంపేట. మాది మల్లాపూర్ మండలం, చక్కెర ఫ్యాక్టరీ ముత్యంపేట. నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబర్‌ల మూతబడ్డది. మా బాపు 1996ల మస్కట్ పోయి, 2014ల తిరిగొచ్చి, ఉన్న రెండెకరాలల్ల చెరుకు పెట్టిండు. ఇంటి పక్కనే ఫ్యాక్టరీ, ఇగ ఫికర్ లేదనుకున్నడు. ఏడాది తిరిగేసరికి గేటుకు తాళం. అప్పుడు నేను బీటెక్ రెండో ఏడు, నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీల. 2018ల పాసై హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంల చేరిన.

2021ల నాకు బయట చదవాలన్న పిచ్చి పట్టింది. మా బ్యాచ్‌ల అందరూ అమెరికా అంటున్నరు. నలభై యాభై లక్షలు మా ఇంట్ల యాడికెళ్లి వస్తయి? జర్మనీకి చూసిన. అక్కడ నాకు సీటు రాలేదు. అప్పుడు ఒక కన్సల్టెన్సీ ఆయన "స్పెయిన్ పో, ఖర్చు తక్కువ, వీసా పక్కా, యూరప్ మొత్తం తిరగొచ్చు" అన్నడు. లక్షా నలభై వేలు అడిగిండు. బాపు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిచ్చిండు. పదిహేను రోజులల్ల అడ్మిషన్ లెటర్ వచ్చింది. రంగుల ముద్రలు, సంతకాలు అన్నీ ఉన్నయి. ఇంట్ల మొక్కుకున్నం, కొండగట్టు పోయొచ్చినం.

మా కాలేజీ సీనియర్ ఒకన్న జర్మనీల ఉంటడు. ఆయనకు సంతోషంగ లెటర్ పంపిన. ఆయన ఒక్కటే మాట అడిగిండు: "ఇది ఆఫీషియల్ మాస్టరా, టీతులో ప్రోపియోనా?" నాకు ఆ మాటనే తెల్వదు.

ఇక్కడ జర ఆగి, మంచిగ వినున్రి. ఈ ఎపిసోడ్‌ల ఇదే అసలు సంగతి.

స్పెయిన్‌ల మాస్టర్స్ రెండు రకాలు. ఒకటి అధికారిక మాస్టర్. కాయితం మీద 'మాస్టర్ ఉనివెర్సితారియో' అని ఉంటది. దీనికి ప్రభుత్వ గుర్తింపు ఉంటది, యూరప్‌ల మిగతా దేశాలు కూడా లెక్కల పెట్టుకుంటయి, తర్వాత పీహెచ్‌డీకి పోవచ్చు. రెండోది ఆ విద్యాసంస్థ సొంతంగ ఇచ్చే పట్టా. దాన్నే టీతులో ప్రోపియో అంటరు, అంటే 'సొంత పట్టా'. ఇప్పుడు దానికి 'మాస్టర్ దె ఫోర్మసియోన్ పెర్మనెంతె' అని పేరు పెట్టిండ్రు. రెండిట్ల మాస్టర్ అనే మాట ఉంది, అక్కడనే మనం బోల్తా పడ్డం.

సొంత పట్టా అంటే దొంగ పట్టా అని కాదు. అక్కడి వాళ్లు ఉద్యోగం చేసుకుంట, కొత్త పని నేర్చుకోనీకి అవి చదువుతరు. వాళ్లకు అది మంచిదే. కానీ మనం అప్పు తెచ్చి, దేశం దాటి, ఆ పట్టా పట్టుకొని జీవితం కట్టుకుందామని పోతున్నం. ఆ పట్టాతోని పీహెచ్‌డీకి దారి ఉండదు. రేపు దాన్ని ఇంకో దేశంల చూపిస్తే అధికారిక డిగ్రీ లెక్క చూడరు. గా తేడా మనకు ముందే చెప్పాలె కదా? ఎవరూ చెప్పరు.

తెలుసుకునుడు ఎట్ల? స్పెయిన్ ప్రభుత్వానికి ఒక రిజిస్టర్ ఉంది. పేరు రుక్త్. యూనివర్సిటీలు, వాటి కాలేజీలు, వాళ్లిచ్చే అధికారిక పట్టాలు అన్నీ అందులో ఉంటయి. ఆన్‌లైన్‌ల ఫ్రీగ చూడొచ్చు. మీ కోర్సు పేరు అందులో కొడితే రావాలె. రాకపోతే పైసలు కట్టకున్రి, అంతే. నేను ఆ రోజు రాత్రి రెండు గంటల దాకా కొట్టిన. స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టిన. రాలేదు.

తెల్లారి కన్సల్టెన్సీకి పోయిన. వాళ్లు నేను సంతకం పెట్టిన కాయితం తీసి చూపిచ్చిండ్రు. చిన్న అక్షరాలల్ల 'పైసలు వాపస్ ఇయ్యబడవు' అని ఉంది. లక్షా నలభై వేలు పోయినయి. ఇంటికొచ్చి బాపుకు చెప్పనీకి నాకు మూడు రోజులు పట్టింది.

బాపు తిట్టలేదు. కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పిండు: "నేను 96ల పోయినప్పుడు కంపెనీ వీసా అని చెప్పి ఆజాద్ వీసా చేతుల పెట్టిండ్రు బిడ్డా. కాయితం అరబ్బీల ఉండె, నాకు చదువరాదు. దిగినంక తెలిసింది. రెండేండ్లు కల్లివెల్లి ఉన్న. నీకు చదువొచ్చు. నువ్వు దిగక ముందే చదివినవు. గంతే తేడా." గల్ఫ్ పోయినోళ్లకు ఆ మాటల బరువు తెలుసు. కల్లివెల్లి అంటే చేతుల కాయితాలు లేకుండ, పోలీసు కంటపడకుండ బతుకుడు. మా బాపు ఆ సంగతి నాకు అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు.

తర్వాత ఏడాది నేనే సొంతంగ అప్లై చేసిన. బార్సిలోనాల ఉన్న పాలిటెక్నిక్ యూనివర్సిటీ ఆఫ్ కాటలోనియాల, ఇన్ఫర్మాటిక్స్‌ల, రెండేండ్ల మాస్టర్, ఇంగ్లీషుల. అది ప్రభుత్వ యూనివర్సిటీ. ముందు రుక్త్‌ల చూసిన, ఉంది. 2022 సెప్టెంబర్‌ల పోయిన.

ఇప్పుడు పద్ధతి చెప్త, రాసుకునేటోళ్లు రాసుకోన్రి. స్పెయిన్‌ల చదువు క్రెడిట్ల లెక్క. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఏడాదికి 60 క్రెడిట్లు. మాస్టర్ 60 నుంచి 120 దాకా ఉంటది. ఫీజు క్రెడిట్ చొప్పున, అది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతది. వాళ్లకు 17 స్వయంపాలన ప్రాంతాలున్నయి, మన రాష్ట్రాల లెక్క అనుకోన్రి. కాటలోనియాల యూరప్ బయటి వాళ్లకు రేటు ఎక్కువ. దక్షిణాన అండలూసియాల, గ్రనాడా, సెవిల్ దిక్కు, ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజు చానా తక్కువ. కానీ అక్కడ ఎక్కువ కోర్సులు స్పానిష్‌ల ఉంటయి. అంటే పైసలన్న కట్టాలె, భాషన్న నేర్వాలె. రెండూ తప్పించుకునే దారి నాకు కనబడలేదు.

ఒకటి ఉంది, ఎరాస్ముస్ ముందుస్ స్కాలర్‌షిప్. యూరోపియన్ యూనియన్ ఇస్తది. ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తరు. రెండు మూడు దేశాలల్ల చదువుతరు, స్పెయిన్ యూనివర్సిటీలు చానా కోర్సులల్ల భాగంగ ఉంటయి. పోటీ గట్టిగ ఉంటది, కానీ అప్లై చేయనీకి పైసలు అడగరు. ఏ కన్సల్టెన్సీ కూడా దీని గురించి నాకు చెప్పలేదు. ఎందుకు చెప్తరు, వాళ్లకు అందులో ఏం మిగలదు కదా.

కాయితాలు: బీటెక్ మెమోలు, సీఎంఎం, ఓడీ. ఓడీకి ముందే అప్లై చేసుకోన్రి, ఆఖరుకు ఉరుకులాడకున్రి. వీటి మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కావాలె. మాస్టర్స్‌కు పోయేటోళ్లు డిగ్రీని స్పెయిన్‌ల సమానం చేయించుకునే పెద్ద పని పెట్టుకోనక్కర లేదు, యూనివర్సిటీనే చూసుకొని తీసుకుంటది. ఇంటర్ అయినంక డిగ్రీకి పోయేటోళ్లకు వేరే దారి, ఉనెద్ అనే సంస్థ ద్వారా పోవాలె. వీసాకు పోలీస్ క్లియరెన్స్, డాక్టర్ సర్టిఫికెట్, స్పెయిన్‌ల పనిచేసే పూర్తి హెల్త్ ఇన్సూరెన్స్ కావాలె. ఖర్చులకు పైసలున్నయని చూపెట్టాలె. ఆ లెక్క వాళ్ల ఇప్రెమ్ అనే సూచీ మీద ఉంటది, నెలకు 600 యూరోలు, ఏడాదికి 7,200. మన రూపాయలల్ల ఏడు లక్షల పైన. ఫీజు దీనికి వేరే.

దిగినంక రెండు పనులు. ఒకటి, ఉన్న ఇంటి అడ్రస్‌ను మున్సిపాలిటీల రాయించుకోవాలె. దాన్ని ఎంపద్రొనమియెంతో అంటరు. నోరు తిరగకపోయినా నేర్చుకోన్రి, ప్రతి ఆఫీసుల అదే అడుగుతరు. రెండు, టీఐఈ అనే కార్డుకు నెల రోజుల లోపల అప్లై చేయాలె. రెండిటికీ ఆన్‌లైన్‌ల అపాయింట్‌మెంట్ తీసుకోవాలె. అది దొరకదు. పొద్దున ఏడింటికి లేచి, తత్కాల్ టికెట్ కొట్టినట్టు కొట్టాలె. నాకు మొదట కిరాయికిచ్చినాయన అడ్రస్ రాయించుకోనియ్యలేదు. "రూమ్ ఇస్త, కాయితం ఇయ్య" అన్నడు. నెల రోజులకే ఖాళీ చేసి సాన్త్స్ అనే ఏరియాల ఇంకో రూమ్ చూసుకున్న. నెలకు 480 యూరోలు, కిటికీ తెరిస్తే ఎదురుగ గోడ. రూమ్ చూసేటప్పుడు కిరాయి ఎంత అని అడిగే ముందు, అడ్రస్ రాయించుకోనిస్తరా అని అడుగున్రి.

చదువు గురించి చెప్పాలంటే, మార్కులు పదికి. ఐదు వస్తే పాస్. నాకు మొదటి సెమిస్టర్‌ల ఒకదాంట్ల 4.3 వచ్చింది. మన దగ్గర రాత్రి గైడ్ చదివి పొద్దున రాసినోణ్ణి నేను. అక్కడ ప్రతివారం పని ఇస్తరు, ప్రతివారం మార్కులేస్తరు. మా క్యాంపస్ పక్కన ఒక పాత చర్చి ఉంటది, టొర్రె జిరొనా. పూజలు ఎప్పుడో బందయినయి. దాని లోపల గాజు గది కట్టి 2005ల సూపర్ కంప్యూటర్ పెట్టిండ్రు. పేరు మారెనోస్ట్రమ్. దాని ఐదో తరం మిషన్‌ను 2023 డిసెంబర్‌ల పక్కన కొత్త బిల్డింగ్‌ల మొదలుపెట్టిండ్రు. మొదటిసారి ఆ చర్చి చూసిన రోజు నాకు మా ఫ్యాక్టరీ యాదికొచ్చింది. అక్కడ మూతబడ్డ చర్చిల మిషన్ పెట్టి నడిపిచ్చిండ్రు. మా దగ్గర నడిచే మిషన్లకు తాళం వేసిండ్రు.

ఇగ భాష. బార్సిలోనాల రెండు భాషలు, స్పానిష్, కాటలన్. యూనివర్సిటీ నుంచి వచ్చే మెయిళ్లు సగం కాటలన్‌ల వస్తయి. పోకముందు ఇది చూసుకోన్రి, ప్రతి సబ్జెక్టు ఏ భాషల చెప్తరో వెబ్‌సైట్‌ల రాసి ఉంటది. స్పానిష్ అయితే మనకు కష్టం కాదు. రాసినట్టే పలుకుతరు, మన లెక్కనే. చానా మాటలు అచ్చుతోనే అయిపోతయి. ఒకటో తరగతిల 'ఞ' అక్షరం ఎందుకు నేర్పిచ్చిండ్రో నాకు ఇరవై ఐదేండ్లకు తెలిసింది. 'రేపు' అనేదాన్ని వాళ్లు 'మఞాన' అంటరు. ఏ ఆఫీసుకు పోయినా మొదట వినబడేది ఆ మాటనే.

ఒకరోజు ఫోన్‌ల బాపుతోని చెప్పిన, "బాపూ, ఇక్కడ చక్కెరను అథూకర్ అంటరు" అని. "మస్కట్‌ల సుక్కర్ అంటరు రా, అదే గిది" అన్నడు. నిజమే. స్పెయిన్‌ల వందల ఏండ్లు అరబ్బుల రాజ్యం నడిచింది, ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీకి పారశీకం నుంచి, పారశీకానికి మన 'శర్కర' నుంచి. మా ముత్యంపేటోళ్లు ఇప్పటికీ 'శక్కర' అనే అంటరు. నారింజను నరాన్హ అంటరు, అది కూడా గట్లనే పోయింది. మాట మన దగ్గర నుంచి అంత దూరం పోయి బతికింది కదా అని ఆ రోజు జర ధైర్యమొచ్చింది.

ఇంకోటి చెప్పాలె. మా బిల్డింగ్‌ల రెండో అంతస్తుల ఒక పెద్దావిడ ఉండేది, డెబ్బై దాటినయి. ఏ ఊరు అని అడిగితే హైదరాబాద్ అని చెప్పిన, తెలుగు మాట్లాడుతం అన్న. "తెలుగా? అనంతపూరా?" అన్నది. నేను పరేషాన్. బార్సిలోనాల అనంతపురం పేరు! తర్వాత తెలిసింది. విన్సెంట్ ఫెర్రర్ గారు పుట్టింది బార్సిలోనాలనే, 1920ల. 1952ల మన దేశానికి వచ్చి, 1969ల అనంతపురం చేరి, ఆర్డీటీ పెట్టి, 2009ల చనిపోయే దాకా అక్కడనే ఉన్నడు. మన దగ్గర ఫాదర్ ఫెర్రర్ అంటరు. స్పెయిన్‌ల ఎన్నో మామూలు కుటుంబాలు నెలనెలా కొంత పంపి అక్కడ పిల్లల చదువుకు సాయం చేస్తరు. ఈమె కూడా గట్ల పంపుతది. ఫ్రిజ్ మీద ఒక ఆడపిల్ల ఫొటో ఉంది. ఆ పిల్ల రాసిన ఉత్తరం తెచ్చి నా చేతుల పెట్టింది. స్పానిష్ అనువాదం దానితోనే ఉంది. "నాకు అర్థం తెలుసు. ఎట్ల వినబడుతదో తెల్వదు. చదువు" అన్నది.

చదివిన. పెద్దగ ఏం లేదు, వానలు పడ్డయి, మేక రెండు పిల్లలు పెట్టింది, లెక్కలల్ల మంచి మార్కులొచ్చినయి. నాకు మధ్యల గొంతు పట్టుకుంది. నా చిన్నప్పుడు బాపు మస్కట్ నుంచి ఉత్తరం పంపితే అవ్వకు నేనే చదివి వినిపిచ్చేటోణ్ణి. ఎనిమిది నెలల తర్వాత ఆ రోజు నేను తెలుగు గట్టిగ చదివిన. ఆ తర్వాత ఆదివారాలు ఆమె నాకు స్పానిష్ నేర్పింది, పైసలు తీసుకోలేదు. నాకు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల పనికొచ్చింది ఆ స్పానిషే, ఏ యాప్ కాదు.

ఇప్పుడు పైసల లెక్క, దాచకుండ చెప్త. ఫీజు, కిరాయి, తిండి, టికెట్లు అన్నీ కలిపి రెండేండ్లకు నాకు 21 లక్షలు పడ్డది. ఆరు లక్షలు నేను హైదరాబాద్‌ల దాచుకున్నవి. పది లక్షలు బ్యాంకు లోన్. మిగతా ఐదు పార్ట్‌టైమ్, ఇంటర్న్‌షిప్ మీద వచ్చినయి. స్టూడెంట్ వీసా మీద వారానికి 30 గంటల దాకా పని చేయొచ్చు, కానీ చదువుకు అడ్డం రావద్దు. "పోయినంక పని చేసి ఫీజు కట్టుకుంట" అని లెక్క వేసుకొని పోకున్రి. నాకు మొదటి ఆరు నెలలు ఒక్క రూపాయి రాలేదు.

2024ల పట్టా వచ్చింది. చదువైనంక ఉద్యోగం వెతుక్కోనీకి ఉండే అనుమతి తీసుకున్న. ఒక చిన్న కంపెనీల ఎనిమిది నెలలు చేసిన. అప్పుడు బాపుకు గుండెకు స్టెంట్ వేసిండ్రు. నేను ఒక్కణ్ణే కొడుకును. వచ్చేసిన. పొద్దున ఫ్రీలాన్స్ కోడింగ్, సాయంత్రం మీతోని ఈ ముచ్చట్లు. లోన్ ఇంకా మూడున్నర లక్షలుంది. కామెంట్లల్ల కొందరు "అంత ఖర్చు పెట్టి పోయి వచ్చి యూట్యూబ్ చేస్తున్నవా" అంటరు. అడగనీకి వాళ్లకు హక్కుంది. నేను కూడా నన్ను అడుగుకుంట. పట్టా నా చేతుల ఉంది, అది గట్టి పట్టా. బాపు బాగైతే మళ్ల పోవచ్చు, పోకపోవచ్చు. ఆ లక్షా నలభై వేల కాయితంతోని పోయి ఉంటే ఈ ఆలోచన కూడా ఉండకపోవు.

మా దిక్కు ఇంటికొకరు దుబాయో మస్కటో సౌదీయో పోయినోళ్లే. సిరిసిల్ల దిక్కు సాంచెల పని కోసం భీవండి, సూరత్ పోయిండ్రు. పోవుడు మనకు కొత్త కాదు. కాయితం ఇంకొకరు చదివి చెప్తే నమ్మి పోవుడు, అది మాత్రం మనతోనే ఆగిపోవాలె. మా బాపుకు ఆ అరబ్బీ చదువరాదు. మనకు ఫోన్‌ల ట్రాన్స్‌లేట్ ఉంది, ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, యూనివర్సిటీకి నేరుగ మెయిల్ కొట్టొచ్చు. వాళ్లు జవాబు ఇస్తరు. వారం పట్టొచ్చు, కానీ ఇస్తరు.

ఇగ కోరుట్ల తమ్ముని సంగతి. ఆయన లెటర్‌ల ఉన్న లైన్ 'మాస్టర్ దె ఫోర్మసియోన్ పెర్మనెంతె'. శుక్రవారం రాత్రి ఇద్దరం వీడియో కాల్‌ల కూసోని రుక్త్ తెరిచినం. కోర్సు పేరు ఆయనతోనే కొట్టిచ్చిన. రాలేదు. కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అక్కకు ఏం చెప్పాలె అన్నా?" అన్నడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. మూడు రోజులు ఆగకు, ఇప్పుడే చెప్పు" అన్న.

సోమవారం పోయింది, ఆయన కట్టలేదు. పైసలు ఇంట్లనే ఉన్నయి. అక్క బంగారం మంగళవారం విడిపిచ్చుకొచ్చిండ్రట. వచ్చే ఏడాదికి తానే అప్లై చేస్తనన్నడు, ఎరాస్ముస్ కూడా వేస్తనన్నడు. సీటు వస్తదో రాదో చెప్పలేం. చూద్దాం.

మీ దగ్గర గిసొంటి లెటర్ ఏదన్న ఉంటే ఇయ్యాల రాత్రే ఆ రిజిస్టర్‌ల చూసుకోన్రి. మీ చుట్టాలల్ల ఎవరన్న పోతున్నరంటే ఈ వీడియో వాళ్లకు పంపున్రి. వచ్చే ఎపిసోడ్‌ల పసుపు రేటు ముచ్చట పక్కా. బాపు కూడా వచ్చి కూసుంట అన్నడు. ఉంట మరి, నమస్తే.